ఐపీ నోటీసు అందాక మేం చేసిన పని: నా అనుభవం

మా డెల్టాలో ఫలానావాడు ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా పిటిషన్) పెట్టేశాడన్న మాట వినపడితే, వాడికి అప్పిచ్చినవాళ్లు ఆ డబ్బు మీద ఆశ వదిలేసుకుంటారు. భీమవరం, ఉండి, ఆకివీడు, పాలకొల్లు, ఎటు వెళ్లినా ఇంతే. ఆ భయమే ఐపీ పెట్టినవాడి అసలు పెట్టుబడి. నేను రొయ్యల రైతును. చెరువులో పట్టిన సరుకు ఎత్తుకెళ్లిన కమీషన్ వ్యాపారి నాకు 6 లక్షల 40 వేలకు ప్రోనోటు రాసిచ్చాడు. 2018 ఆగస్టులో దివాలా పిటిషన్ వేశాడు. దాన్ని ఎదుర్కొంటూ నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే పరిస్థితిలో ఉన్న రైతులు ఇప్పటికీ నోటీసును బీరువాలో పెట్టేసి ఊరుకుంటున్నారు.

ముందు చట్టం. మామూలు మనిషి, సొంత పేరుతో వ్యాపారం చేసేవాడు వేసే ఐపీ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తుంది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది గానీ, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే అమల్లోకి తెచ్చారు. కాబట్టి చెరువు గట్టు మీద సరుకు కొనే వ్యాపారి వెళ్లేది సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకే.

ఆ చట్టం ఉద్దేశం మంచిదే. నిజంగా చితికిపోయినవాడు ఉన్నదంతా కోర్టుకు అప్పగిస్తే, అప్పులవాళ్లందరికీ దామాషాలో పంచి, వాడికి విముక్తి ఇస్తారు. మా వ్యాపారికి కావలసింది అది కాదు. నోటీసు అందిన పది రోజులకే ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చాడు. "రూపాయికి పావలా ఇప్పిస్తానండి, కాగితం ఇచ్చేయండి. కోర్టులో అయితే అది కూడా రాదు" అన్నాడు. వ్యాపారి కోర్టు మెట్లెక్కింది పంచడానికి కాదు, ఈ పావలా బేరానికి. దివాలాదారుగా ప్రకటించమని పైకి అడుగుతాడు, లోపల మాత్రం ఆ ప్రకటన రాకూడదనే కోరుకుంటాడు. ప్రకటన వస్తే ఆస్తి కోర్టు నియమించే రిసీవరు చేతికి పోతుంది. పిటిషన్ వాయిదాల మీద వేలాడుతున్నంతకాలం బేరం తనది. ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక మా దారి మారింది.

నోటీసులో వాయిదా తేదీ, పిటిషన్ నంబరు తప్ప పనికొచ్చేది పెద్దగా ఉండదు. కాపీ అప్లికేషన్ వేసి పిటిషన్ మొత్తం సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. తర్వాతి వాయిదాలు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు. పిటిషన్ వెనక రెండు షెడ్యూళ్లు ఉంటాయి. ‘ఏ’ షెడ్యూలులో అప్పులు, బీ షెడ్యూలులో ఆస్తులు. మా వాడి ‘ఏ’ షెడ్యూలులో 37 మంది, మొత్తం 1 కోటి 84 లక్షలు. బీ షెడ్యూలులో ఒక పెంకుటింట్లో వాటా, ఒక పాత మోటారు సైకిలు, ఇంటి సామాను. అన్నీ కలిపి రెండున్నర లక్షలు. వాయిదాకు వచ్చిన రైతులు చాలామంది ఆ రెండున్నర లక్షలు చూసి వెనక్కి వెళ్లిపోయారు. చూడాల్సింది మొదటి పేజీ మీది ముద్ర. పిటిషన్ కోర్టులో దాఖలైన తేదీ అక్కడ ఉంటుంది. మాది 2018 ఆగస్టు 6. నోటీసు నాకు అందింది సెప్టెంబరు 20న. నెలన్నర అప్పటికే కరిగిపోయింది, ఆ నెలన్నర ఎంత విలువైనదో కింద చెబుతాను.

మొదట్లో మేం కూడా అందరూ చేసే పొరపాటే చేశాం. "వీడికి ఆస్తులున్నాయి, మోసపూరితంగా వేశాడు, కొట్టేయండి" అని కౌంటరు, అంటే కోర్టుకు మా జవాబు, రాయించాం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ బాకీదారు తానే పిటిషన్ వేసినప్పుడు, అప్పులు తీర్చలేనని పైపైన నమ్మించగలిగితే చాలంటుంది సెక్షన్ 24. పిటిషన్ వేయడానికి ఉండాల్సిన అప్పు కేవలం 500 రూపాయలు. 1907 నాటి పాత చట్టం కింద 1916లో ఛత్రపత్ సింగ్ దుగర్ కేసులో అప్పటి అత్యున్నత కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పింది కూడా ఇదే. చట్టం పెట్టిన షరతులు నెరవేరితే బాకీదారుకు ప్రకటన పొందే హక్కు ఉంటుంది. కోర్టు ప్రక్రియను దుర్వినియోగం చేస్తున్నాడని ఆ దశలో కొట్టేయడం కుదరదు. అతని నడత లెక్కలోకి వచ్చేది విముక్తి, అంటే డిశ్చార్జి, అడిగినప్పుడు. కొట్టేయమని మూడేళ్లు వాదించి గెలిచినా మిగిలేది మళ్లీ మొదటి మెట్టే. ఆ మూడేళ్లూ వాడికి కావలసినవే.

దారి చూపించింది ఈసీ, అంటే ఆస్తుల రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. వ్యాపారి పేరు మీద, అతని భార్య పేరు మీద పదమూడేళ్లకు తీయించాం. అందులో ఒక పద్దు: ఎకరం 80 సెంట్ల చేపల చెరువు, కూతురికి దాన సెటిల్‌మెంటు, తేదీ 2017 జనవరి 11, సంక్రాంతికి మూడు రోజుల ముందు. దస్తావేజు నకలు తీస్తే "నీయందు గల ప్రేమాభిమానముల చేత" అని రాసి ఉంది, పైసా ప్రతిఫలం లేదు. అమ్మాయి పెళ్లి అంతకు నాలుగేళ్ల ముందే అయింది. ఇది ముఖ్యం, ఎందుకంటే పెళ్లికి ముందు, ఆ పెళ్లి నిమిత్తంగా రాసిన ఆస్తిని సెక్షన్ 53 ముట్టుకోదు.

సెక్షన్ 53 చెప్పేది ఇదీ: బదిలీ జరిగిన రెండేళ్ల లోపు దాఖలైన పిటిషన్ మీద ఆ మనిషి దివాలాదారుగా ప్రకటితమైతే, నిజాయితీగా డబ్బు పెట్టి కొన్నవాళ్లకు చేసినది కాని బదిలీని రిసీవరు రద్దు చేయించవచ్చు. లెక్క వేయాల్సింది దస్తావేజు తేదీ నుంచి పిటిషన్ దాఖలైన తేదీ వరకు. ప్రకటన ఎప్పుడొచ్చిందన్నది కాదు. మా వాడు ఆగస్టు 6న వేశాడు కాబట్టి దాదాపు పంతొమ్మిది నెలలు. ఇంకో ఆరు నెలలు ఆగి వేసి ఉంటే చెరువు ఈ సెక్షన్‌కు చిక్కేది కాదు. బాగా తెలిసిన ప్లీడరున్నవాళ్లు ఆ రెండేళ్లూ లెక్కపెట్టుకుని, అంతవరకూ వడ్డీ కాస్త కాస్త చెల్లిస్తూ నెట్టుకొస్తారు. బాకీదారు వింతగా ఓపిక చూపిస్తుంటే ఈసీ తీయండి.

అయితే ఒక ప్రమాదం ఉంది. ఇదంతా గ్రహించాక అతను తన పిటిషన్ వదిలేసుకోవచ్చు, వాయిదాకు రాకుండా డిఫాల్టులో కొట్టేయించుకోవచ్చు. అప్పుడు మనం కొత్తగా వేసేసరికి రెండేళ్లు దాటిపోతాయి. దీనికి విరుగుడు అదే చట్టంలో ఉంది. సెక్షన్ 6 ప్రకారం, తనను దివాలాదారుగా ప్రకటించమని బాకీదారు పిటిషన్ వేయడమే ఒక దివాలా చర్య. దివాలా చర్య జరిగిన మూడు నెలల లోపు అప్పిచ్చినవాళ్లు సొంతంగా పిటిషన్ వేయవచ్చు, సెక్షన్ 9. మూడు నెలలు మనకు నోటీసు అందిన రోజు నుంచి కాదు, అతను దాఖలు చేసిన రోజు నుంచి. మాకు గడువు నవంబరు 6. తొమ్మిది మంది కలిసి, లక్ష బాకీకి 1,500 చొప్పున ఖర్చులు పోగేసి, అక్టోబరు 29న మా పిటిషన్ దాఖలు చేశాం. చెరువు దస్తావేజుకు అప్పటికి ఇరవై రెండు నెలలు కూడా నిండలేదు. రెండు పిటిషన్లూ కలిపి విచారించమని సెక్షన్ 15 కింద మెమో వేశాం.

అనుకున్నట్టే 2019 ఫిబ్రవరిలో అతను పిటిషన్ ఉపసంహరించుకుంటానన్నాడు. సెక్షన్ 14 ప్రకారం కోర్టు అనుమతి లేకుండా ఏ ఐపీ వెనక్కి తీసుకోకూడదు. అప్పులవాళ్లు ఆ రోజు కోర్టులో నిలబడి అభ్యంతరం చెప్పాలి, లేకపోతే అనుమతి అలవోకగా వచ్చేస్తుంది. మేం చెప్పాం, అనుమతి రాలేదు. వచ్చినా మా పిటిషన్ నిలిచేది.

ఇంకో మాట కూడా ఎవరూ అడగరు. బాకీదారు తానే వేసిన పిటిషన్‌ను విచారణకు తీసుకునేటప్పుడు మామూలుగా తాత్కాలిక రిసీవరును నియమించాలని సెక్షన్ 20 చెబుతోంది. అడిగేవాళ్లు లేక ఆ వాక్యం పుస్తకంలోనే ఉండిపోతుంది. ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేస్తే చాలు. రిసీవరు ఖాతా పుస్తకాలు అడుగుతాడు, చూపించడం బాకీదారు విధి. చెరువు కూతురి పేరు మీద ఉంది కాబట్టి దాన్ని రిసీవరు వెంటనే స్వాధీనం చేసుకోలేడు. అందుకని ఆమెను పార్టీగా చేర్చి, అమ్మకుండా తాకట్టు పెట్టకుండా ఇంజంక్షన్ తెచ్చుకున్నాం. ఈ మధ్యలో ఏమీ తెలియని మూడో మనిషి డబ్బు పెట్టి కొంటే పెద్ద చిక్కు.

ఐపీ వేసినంత మాత్రాన ఆగనివి చాలా ఉన్నాయి. కొత్త దావా వేయడానికి కోర్టు అనుమతి కావలసింది ప్రకటన వచ్చాకే. పిటిషన్ పెండింగులో ఉండగా ప్రోనోటు దావా వేయవచ్చు, తీర్పుకు ముందు జప్తు అడగవచ్చు. ప్రోనోటు మూడేళ్ల గడువు కూడా ఆగదు. చట్టం మినహాయించేది ప్రకటన నుంచి అది రద్దయ్యే వరకు ఉన్న కాలాన్నే. పిటిషన్ వేలాడిన కాలానికి మినహాయింపు లేదు. వేరే ఐపీలో ఒక కొబ్బరి రైతు "ఐపీ నడుస్తోంది కదా" అని ఊరుకున్నాడు. అది డిఫాల్టులో పోయాక దావాకు వెళ్తే నోటుకు కాలదోషం పట్టింది. నా నోటు వెనక 20,000 చెల్లు (కొంత సొమ్ము కట్టినట్టు రాత) మా వ్యాపారి చేతిరాతతో, సంతకంతో, తేదీతో ఉంది. గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలైంది. చెల్లు మూడేళ్లు నిండకముందే పడాలి, రాత గానీ సంతకం గానీ బాకీదారుది అయి ఉండాలి. మనం రాసుకున్నది చెల్లదు. చెక్కు ఉన్నవాళ్ల కేసు వేరు. అది వెనక్కి వచ్చిన కబురు అందిన 30 రోజుల్లో నోటీసు, అవతలివాడికి 15 రోజులు, ఆ తర్వాత నెలలో ఫిర్యాదు. ఐపీ దాన్ని ఆపదు.

దొంగ అప్పుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మాకు ఎక్కువ శ్రమ అయింది అక్కడే. 37 మందిలో ఆరుగురు అతని బావమరుదులు, తోడల్లుడు, వాళ్ల మనుషులు. ఆ ఆరుగురికే 71 లక్షలు చూపించాడు. చెరువు ఖర్చులు పోను 90 లక్షలు పలికిందనుకుంటే, 1 కోటి 84 లక్షలకు పంచితే నూటికి 49 రూపాయలు వస్తాయి. ఆ 71 తీసేస్తే మిగిలేది 1 కోటి 13 లక్షలు, నూటికి దాదాపు 80 వస్తాయి. రాజీ ప్రతిపాదన ఓటుకు వచ్చినా అంతే, సంఖ్యలో సగం పైన, విలువలో నాలుగింట మూడు వంతులు కావాలి. ఈ దొంగ నోట్లు అక్కడా అతనికే బలం.

పట్టుకోవడానికి అసలు నోట్లు కోర్టులో పెట్టమన్నాం. రెండు రానే లేదు. వచ్చిన నాలుగూ వరసగా బల్ల మీద పరిచి చూస్తే తెలిసిపోయింది. 2014, 2015, 2016 తేదీలు, మూడు వేరు వేరు ఊళ్లు. నాలుగింటికీ దస్తూరి (నోటు రాసినవాడు) ఒక్కడే, సాక్షులు ఆ ఇద్దరే, ఒకే నీలం సిరా, "అక్షరాల" అన్న మాటలో ఒకటే వంకర. మూడేళ్లలో ఒక్క నోటు మీదా చెల్లు లేదు, వడ్డీ జమ లేదు, ఎవరూ ఒక లాయరు నోటీసైనా ఇవ్వలేదు. దస్తూరిని బోనెక్కించి, ఆ మూడు ఊళ్లకు ఎందుకు వెళ్లావని అడిగాడు మా ప్లీడరు. ఆ ప్రశ్న దగ్గరే ఆ నోట్ల బలం పోయింది. అప్పటికే షెడ్యూలులో ఎక్కిన దొంగ అప్పును కూడా తీసేయమని సెక్షన్ 50 కింద అడగవచ్చు. మన బాకీ మాత్రం మనమే రుజువు చేసుకోవాలి. అఫిడవిట్ రాసి కోర్టుకు రిజిస్టరు పోస్టులో పంపినా చాలు, కానీ పంపాలి. ‘ఏ’ షెడ్యూలులో మా పేరుందిగా అని ఊరుకున్న నలుగురు తర్వాత పరుగులు పెట్టారు.

కరోనాతో 2020 అంతా పోయింది. 2021 ఆగస్టులో మా పిటిషన్ మీద ప్రకటన వచ్చింది. ప్రకటన వస్తే పని అయిపోయిందనుకోకండి, చెరువు దానంతట అది రాదు. సెక్షన్ 53 పిటిషన్ వేయాల్సింది అఫీషియల్ రిసీవరు. అతను వేయకపోతే కోర్టు అనుమతితో అప్పిచ్చినవాడు వేయవచ్చు, కానీ సెక్షన్ 54ఏ మరో మూడు షరతులు పెట్టింది: మన బాకీ రుజువై ఉండాలి, రిసీవరును మనం అడిగి ఉండాలి, అతను కాదని ఉండాలి. నోటి మాటగా అడిగితే ఏదీ మిగలదు. మేం లిఖితపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాం. జవాబు రాకపోతే నెల తిరగ్గానే ఇంకొకటి ఇచ్చాం. రెండో కాగితం తర్వాత రిసీవరే పిటిషన్ వేశారు.

దానం కాగితం మీదిదేనని చూపడానికి పనికొచ్చినవి చిన్న చిన్న కాగితాలు. దస్తావేజు తర్వాత కూడా ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) కరెంటు సర్వీసు తండ్రి పేరు మీదే ఉంది. 2017, 2018 చెరువు లీజు కాగితాల మీద యజమానిగా సంతకం తండ్రిదే, లీజు డబ్బు అతని ఖాతాకే వెళ్లింది. కూతురు ఉండేది హైదరాబాదులో. క్రాస్ ఎగ్జామినేషన్‌లో చెరువు సరిహద్దులు చెప్పలేకపోయింది. లీజుదారును సాక్షిగా పిలవడానికి ముందు ఆయనతో మర్యాదగా మాట్లాడాలి, ఆయన పంట మధ్యలో ఉంటాడు. పంట అయ్యేదాకా చెరువు ఖాళీ చేయించబోమని రిసీవరు చేత చెప్పించాక ఆయన నిజం చెప్పడానికి ముందుకొచ్చాడు.

ప్రతి ఐపీకీ ఇదే దారి అని చెప్పను. ఆస్తి ఇంకా అతని పేరు మీదే ఉంటే, దావా, జప్తు, వేలం త్వరగా చేసుకోవడమే మేలు. పిటిషన్ విచారణకు తీసుకోకముందే డిక్రీ అమలులో వసూలైన డబ్బు వసూలు చేసినవాడిదే. బదిలీ జరిగి రెండేళ్లు దాటిపోతే ఐపీని నమ్ముకోకుండా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53 కింద అప్పులవాళ్లందరి తరఫునా దావా వేయాలి. అక్కడ మోసం ఉద్దేశాన్ని గట్టిగా రుజువు చేయాలి. ఏ బదిలీ లేక, రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి రెండు పంటలు పోయి నిజంగానే చితికినవాడైతే, అతని మీద ఇదంతా ప్రయోగించడం తప్పు. ఆ మనిషి కోసమే ఈ చట్టం ఉంది.

అప్పిచ్చినవాళ్లూ దీన్ని వంకరగా వాడతారు. పక్క చెరువు చవగ్గా కొట్టేయడానికి, చిన్న బాకీ చూపి ఐపీ వేసి పరువు తీస్తామని బెదిరించేవాళ్లను చూశాను. అలాంటి పిటిషన్ పనికిమాలినదనో, వేధించడానికి వేసిందనో తేలి కొట్టేస్తే సెక్షన్ 26 ఇప్పించే పరిహారం గరిష్ఠంగా 1,000 రూపాయలు. వందేళ్ల కిందటి అంకె, ఎవరినీ ఆపదు, దాన్ని మార్చి తీరాలి. కంపెనీల విషయంలో 2016 కోడ్ సెక్షన్ 65 కింద దురుద్దేశంతో దివాలా ప్రక్రియ మొదలుపెడితే లక్ష నుంచి కోటి వరకు జరిమానా ఉంది. చెరువుల దగ్గర మనుషులకు ఆ రక్షణ లేదు.

సెటిల్‌మెంటు దస్తావేజు 2023లో రద్దయింది. వేలం, పంపకం అయ్యేసరికి మరో ఏడాది. ఖర్చులు పోను నూటికి 74 చేతికొచ్చాయి. ఇప్పుడు అతను డిశ్చార్జి అడుగుతున్నాడు. వ్యాపారానికి ఉండాల్సిన లెక్కల పుస్తకాలు పిటిషన్‌కు ముందు మూడేళ్లు రాయకపోతే పూర్తి విముక్తి ఇవ్వకూడదని సెక్షన్ 42 అంటుంది. ఆస్తులు రూపాయి అప్పుకు ఎనిమిదణాలకు, అంటే సగానికి, సరితూగకపోయినా అంతే. మా కేసులో చెరువు రావడం వల్ల అది దాటింది కాబట్టి ఆ అంశం రాయలేదు. కౌంటరులో పెట్టినవి రెండే: తాత్కాలిక రిసీవరు అడిగినా చూపించలేకపోయిన ఖాతా పుస్తకాలు, దస్తూరి ఒక్కడే అయిన ఆ నాలుగు నోట్లు.